ఎలీ కార్టాన్ : కమ్మరి యింట పుట్టిన గణితాచార్యుడు

తనిఖీ యను మాట మనవంటి ప్రభుత్వోద్యోగులకు క్రొత్తది కాదు. పర్యటన కార్యక్రమము, ప్రయాణభత్యపు బిల్లు, తిరిగివచ్చిన పిమ్మట వ్రాయు నివేదిక, ఆ నివేదికను మ్రింగివేయు ఫైలు – ఇవి యన్నియు మనకు నిత్యానుభవములే. అట్టి తనిఖీ యొకటి ఒక గ్రామ పాఠశాలలో ఒక కమ్మరి బిడ్డను కనుగొని, ఇరువదవ శతాబ్దపు గణితశాస్త్రమునకు ఒక మూలస్తంభమును ప్రసాదించిన వృత్తాంతమును ఈ సంచికయందు మన సభ్యులకును వారి కుటుంబములకును విన్నవింపదలచితిని. ఈ వ్యాసకర్త గణితశాస్త్రజ్ఞుడు కాడు. చరిత్ర, సాహిత్యములు చదివి పట్టము పుచ్చుకొని కార్యాలయమున చేరినవాడు. కావున గణితమును గూర్చి చెప్పక తప్పనిచోట్ల ఇంటిలోని వస్తువుల సాయముననే చెప్పుటకు ప్రయత్నింతును.

ఫ్రాన్సు దేశపు ఆగ్నేయభాగమున, ఆల్ప్స్ పర్వతములకు అంత దూరము గాని తావున, దొలొమ్యూ యను చిన్న గ్రామము కలదు. అందు జోసెఫ్ కార్టాన్ అను కమ్మరికి 1869వ సంవత్సరము ఏప్రిల్ 9వ తేదీన ఎలీ జన్మించెను. ఆ దంపతులకు నలుగురు సంతానము, ఎలీ రెండవవాడు. తెల్లవారగనే కొలిమి రాజుకొనెడిది. దాగలిపై సుత్తి మ్రోత ప్రారంభమయ్యెడిది. ఆ మ్రోతయే ఆ పిల్లలకు మేలుకొలుపు. తల్లి ఇంటిపనియు పిల్లల పనియు చూచుకొనుచు, రవంత తీరిక చిక్కినపుడు రాట్నము త్రిప్పెడిది. అక్క కుట్టుపని నేర్చి దానితో జీవించెను. తమ్ముడు లెయోన్ తండ్రి కొలిమిలోనే నిలిచి కమ్మరి యయ్యెను. లోకరీతిని బట్టి చూచినచో ఎలీ కూడ సుత్తి పట్టవలసినవాడే.

గ్రామ పాఠశాలలో ఎలీ బిడియస్థుడైన విద్యార్థి. కాని ఒకసారి విన్నది మరువనివాడు. ఆ ప్రాంతపు పాఠశాలలను చూచిపోవు బాధ్యత గల ఆంతొనేన్ ద్యుబోస్ట్ అను రాజకీయవేత్త ఒకనాడు ఆ బడికి వచ్చెను. పాఠశాలను చూచి, చేవ్రాలు చేసి పోవుట ఆయనకు సులభమే. కాని ఆయన ఆ కమ్మరి కుఱ్ఱవానిని గమనించెను; ఈ బాలుని ప్రభుత్వ విద్యార్థి వేతనపు పోటీ పరీక్షకు కూర్చుండబెట్టవలెనని ఉపాధ్యాయులకు సలహా నిచ్చెను. ద్యుపుయి యను ఉపాధ్యాయుడు శ్రద్ధ వహించి పాఠములు చెప్పెను. గ్రెనోబుల్ నగరమున జరిగిన పరీక్షలో బాలుడు నెగ్గెను. పదియేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, అదే ప్రాంతమునందలి వియెన్ అను పట్టణపు కళాశాలలో చేరెను. ద్యుబోస్ట్ అంతటితో చేతులు దులుపుకొనలేదు. తాను జీవించియున్నంతకాలము ఆ బాలునిపై పితృవాత్సల్యమును చూపెను. ఈ ద్యుబోస్ట్ తరువాత న్యాయశాఖామాత్యుడై, 1906 మొదలు 1920 వఱకు ఫ్రెంచి సెనేటునకు అధ్యక్షుడుగ నుండెను. కాని నేడు ఆయనను స్మరించువారిలో పలువురు ఈ యొక్క తనిఖీని పురస్కరించుకొనియే స్మరించుచున్నారు.

వియెన్ లో ఐదేండ్లు, గ్రెనోబుల్ లో రెండేండ్లు, పారిస్ లో ఒక యేడు చదివి, 1888లో కార్టాన్ పారిస్ నందలి ఎకోల్ నోర్మాల్ సుపీర్యూర్ అను సుప్రసిద్ధ విద్యాలయమున ప్రవేశించెను. దేశమందలి మేటి విద్యార్థులకు మాత్రమే అందు ప్రవేశము. 1891లో చదువు ముగించి, ఆనాటి నియమము ననుసరించి ఒక యేడు సైన్యమున పనిచేసెను.

ఆ కాలమున గణితలోకమున ఒక క్రొత్త శాస్త్రము మొలకెత్తుచుండెను. నార్వే దేశస్థుడైన సోఫస్ లీ (1842–1899) దానికి కర్త. ఒక వస్తువును ఎన్ని విధముల కదల్చవచ్చునో, ఆ కదలికల నన్నిటిని ఒక కుటుంబముగ గూర్చి చూచుటయే ఆ శాస్త్రపు మూలభావము. ఒక కదలిక వెంట మఱియొక కదలికను జరిపిన, అదియు ఆ కుటుంబములోని కదలికయే యగును. ఏ కదలికనైనను వెనుకకు త్రిప్పి రద్దు చేయవచ్చును. ఇట్టి కుటుంబమునకు సమూహమని పేరు. బంతిని త్రిప్పు భ్రమణము లన్నియు కలసి ఒక సమూహము. ఈ కదలికలను అడ్డువరుసలు, నిలువు వరుసలుగ పేర్చిన అంకెల పట్టికలతో వ్రాయవచ్చును. ఆ పట్టికలకు మాత్రికలని పేరు.

ఇట్టి సమూహములలో ఇక విడదీయ వీలులేని మూల సమూహము లెన్ని? జర్మనీలో విల్హెల్మ్ కిల్లింగ్ అను ఆచార్యుడు 1888 మొదలు 1890 వఱకు ప్రకటించిన వ్యాసములలో దీనికి జవాబు చెప్పెను. అనంతముగ సాగు నాలుగు వంశములును, వానిలో చేరని మఱికొన్ని అపవాదములును కలవని ఆయన సిద్ధాంతము. జవాబు అద్భుతము, ఉపపత్తులలో మాత్రము లోపములుండెను. లైప్జిగ్ నగరమున లీ యొద్ద చదివివచ్చిన ఆర్థర్ త్రెస్ అను సహాధ్యాయి కార్టాన్ కు ఈ సంగతి తెలిపెను. కార్టాన్ ఆ పనిని చేపట్టి, ప్రతి మెట్టును సరిచూచి, లోపములను పూరించి, 1894లో డాక్టరేటు పట్టము కొఱకు సమర్పించిన గ్రంథములో దానిని నిర్దుష్టముగ నిలబెట్టెను. కిల్లింగ్ ఆరు అపవాదములను లెక్కింపగా, వానిలో రెండు వేషము మాత్రమే వేరైన ఒకే సమూహమని కార్టాన్ చూపెను. కావున అపవాదములు ఐదు. ఇతరుని పనిని సరిదిద్దినవాడై యుండియు ఆయన కిల్లింగ్ ఘనతను ఎన్నడును మరుగుపరుపలేదు.

వేరుగ కనబడునవి ఎప్పుడు ఒక్కటి? ఒక్కటిగ కనబడునది ఎప్పుడు రెండు? కార్టాన్ జీవితమంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరిగినదని చెప్పవచ్చును. మొదటి ప్రశ్నను చూతము. బల్లపై ఒక బంతి యున్నది. నేను దానిని నిలువు ఇరుసు చుట్టు 60 డిగ్రీలు త్రిప్పితిని. ప్రక్కకు ఒరిగి పండుకొనియున్న మీరు అడ్డపు ఇరుసు చుట్టు 60 డిగ్రీలు త్రిప్పితిరి. రెండును వేర్వేరు భ్రమణములే. కాని నేను కూడ మీవలె ఒరిగి చూచినచో మీ భ్రమణము నాదానివలెనే కనబడును. చూచు స్థానమును మార్చినంతమాత్రమున ఒకదానివలె మఱియొకటి కనబడినచో, ఆ రెండును సంయుగ్మములందురు. అట్టివన్నియు చేరిన గుంపు ఒక సంయుగ్మ వర్గము. బంతి భ్రమణముల విషయమున ఒక్క కోణమును చెప్పిన చాలును. సున్న మొదలు 180 డిగ్రీల వఱకు ఒక్కొక్క కోణమునకు ఒక్కొక్క వర్గము. 180 దాటినచో, ఇరుసును తలక్రిందులు చేసి చూచిన అది ఎదురు దిశలో తక్కువ కోణమే యగును.

పెద్ద సమూహములలో ఇంత సులభముగ తేలదు. అచ్చట కార్టాన్ పద్ధతి మార్గము చూపును. తమలో తాము ముందు వెనుకల పేచీ లేని కదలికలను, అనగా ఏది ముందు జరిపినను ఫలితము మారని కదలికలను, ఒక ఉపసమూహముగ ఎన్నుకొనవలెను. నేడు వీనికి కార్టాన్ ఉపసమూహములని పేరు. బంతివలె పరిమితమైన, ఏకఖండమైన సమూహములలో ప్రతి కదలికయు చూచు స్థానమును మార్చిన ఆ ఉపసమూహములోనికి వచ్చి చేరును. అడవియంతయు తిరుగనక్కరలేదు, ఒక్క కాలిబాట వెంట నడచినచో అన్ని జాతుల చెట్లును కనబడును.

ఇక రెండవ ప్రశ్న. దీనిని ఇంటిలో పిల్లలు స్వయముగ చేసి చూడవచ్చును. నీళ్ళ గ్లాసును కుడి అరచేతిపై నిలువుగ ఉంచుకొని, నీరు తొణకకుండ, చంక క్రిందుగ లోనికి ఒక పూర్తి చుట్టు త్రిప్పుడు. గ్లాసు మొదటివలెనే యున్నది; కాని చేయి మెలిపడి మోచేయి పైకి లేచినది. అదే దిశలో, ఈసారి తలమీదుగ, మరియొక చుట్టు త్రిప్పుడు. ఇప్పుడు గ్లాసుతోపాటు చేయి కూడ మొదటి స్థితికి వచ్చును. గ్లాసును మాత్రమే చూచువానికి 360 డిగ్రీలతో అంతయు ముగిసినది. చేతిని కూడ చూచువానికి 720 డిగ్రీలు కావలెను.

ఈ చేతి మెలికను కూడ లెక్కలో చేర్చి వ్రాసిన సమూహమును ఆవరణ సమూహమందురు. క్రింది సమూహములోని ప్రతి భ్రమణమునకు పైన రెండేసి రూపము లుండును. మఱి క్రింద ఒకటిగ నున్న సంయుగ్మ వర్గము పైన రెండుగ చీలునా, ఒకటిగనే నిలుచునా? 60 డిగ్రీల భ్రమణమునకు పైరూపములు 60, 420. పైన పూర్తి చుట్టు 720 గనుక, 420 త్రిప్పుట ఎదురు దిశలో 300 త్రిప్పుటతో సమానము. 60, 300 వేర్వేరు. కావున వర్గము రెండుగ చీలినది. 180 డిగ్రీల భ్రమణమును తీసికొనుడు. దాని పైరూపములు 180, 540. 540 అనగా ఎదురు దిశలో 180 మాత్రమే. ఇరుసును తలక్రిందులు చేసి చూచిన రెండును ఒకటే. కావున ఈ వర్గము మాత్రము చీలక నిలిచినది. సున్న మొదలు 180 వఱకు గల వర్గములన్నిటిలో ఇట్లు నిలుచునది ఇదొక్కటే. సమూహము ఎంత పెద్దదైనను, ఆవరణమునందు వర్గములను ఏర్పఱచువారు అడుగవలసిన ప్రశ్న ఇదియే: పైరూపములలో ఒకదానినుండి మఱియొకదానికి చూచు స్థానమును మార్చి పోగలమా, లేదా?

కొన్ని సమూహములలో ఈ మెలిక రెండు చుట్లతో విడిపోదు. వాస్తవ సంఖ్యలతో కూడిన రెండు వరుసల మాత్రికలలో నిర్ధారకము 1 గాగల వాని సమూహము అట్టిది. దాని సంపూర్ణావరణమున ఎన్ని చుట్లు తిరిగినను లెక్క పెరుగుచునే యుండును. గడియారమును చూచి గంట చెప్పవచ్చును గాని తేదీ చెప్పలేము గదా! ఆ తేదీ మాత్రికలో ఇమడదు. ఆ సంపూర్ణావరణమును ఏ పరిమాణముగల మాత్రికలతోను పూర్తిగ వ్రాయ వీలులేదు. అందుచేత అచ్చట వర్గములను ఏర్పఱచునపుడు మాత్రికలోని అంకెలతోపాటు చుట్ల లెక్కను కూడ పట్టవలెను.

కార్టాన్ 1913లో భ్రమణ సమూహములకు సంబంధించిన కొన్ని అపూర్వ రూపములను ప్రకటించెను. అవి పూర్తి చుట్టు తిరిగిన పిమ్మట గుర్తు మారి, రెండవ చుట్టుతో స్వస్థితికి వచ్చునవి. నాడు వానిని గమనించినవారు అరుదు. పదునైదేండ్ల పిమ్మట, 1928లో, ఇంగ్లండున డిరాక్ ఎలక్ట్రానునకు సమీకరణము వ్రాసినపుడు ఆ రూపములే అవసరమయ్యెను. ప్రకృతిలోని ఎలక్ట్రాను కూడ రెండు చుట్లు తిరిగిననేగాని స్వస్థితికి రానిదని లోకమునకు తెలిసెను. వీనికే స్పైనర్లని పేరు వచ్చినది. కార్టాన్ వీనిపై తన ఉపన్యాసములను 1938లో గ్రంథముగ వెలువరించెను.

ఇంతటి పనిచేసినవానికి పేరు వెంటనే వచ్చెనా? రాలేదు. 1894 మొదలు మోంపెలియేలోను, 1896 మొదలు లియోన్ లోను, 1903 మొదలు నాన్సీలోను అధ్యాపకుడుగ పనిచేసి, 1909లో పారిస్ చేరి, 1912లో అచ్చట ఆచార్య పదవి నందెను. ఆయన వ్రాతలు కఠినములని పెద్దలే ప్రక్కకు పెట్టిరి. ఆయన పేచీ పెట్టలేదు, ప్రచారము చేసికొనలేదు. మొదటి ప్రపంచ యుద్ధమున, తాను చదివిన విద్యాలయమునందే నెలకొల్పిన సైనిక వైద్యశాలలో సార్జెంటుగ పనిచేయుచు గణితమును సాగించెను. 1925 ప్రాంతమున హెర్మన్ వైల్ అను జర్మన్ గణితాచార్యుడు కార్టాన్ పునాదులపై తన సిద్ధాంతమును నిర్మించిన పిమ్మటనే లోకము కన్ను తెరచెను. 1929 మొదలు కొన్నేండ్లు ఐన్ స్టైన్ ఆయనతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు 1931లో ఆయనను సభ్యునిగ ఎన్నుకొనెను. అప్పటికి ఆయనకు 62వ యేడు సమీపించినది. మన ఉద్యోగులలో పలువురు పింఛను పత్రములు సిద్ధపరచుకొను వయస్సది. ద్యుబోస్ట్ ఆ గౌరవమును చూచుటకు జీవించియుండలేదు.

మన దేశముతో కూడ ఆయనకు సంబంధము కలదు. 1933లో దామోదర్ ధర్మానంద కోశాంబి ఒక జర్మన్ గణితపత్రికలో ప్రకటించిన వ్యాసమునకు అనుబంధముగ కార్టాన్ తన పరిశీలనలను వ్రాసి ప్రకటించెను. కార్టాన్ వద్ద 1936–37లో చదివిన చైనా దేశీయుడు చెర్న్ కూడ ఆ విషయమున కృషి చేయుటచే, నేటికిని అది కోశాంబి, కార్టాన్, చెర్న్ అను మువ్వురి పేరిట వ్యవహరింపబడుచున్నది. కాన్పూరున 1923లో జన్మించిన హరీశ్చంద్ర పరిమితము కాని సమూహములలో కార్టాన్ ఉపసమూహములు ఒక్క వర్గముగ గాక పలు వర్గములుగ నుండు చిక్కును ఎదుర్కొని, ప్రతి వర్గమునుండియు సమూహమును చూచు మహాసిద్ధాంతమును నిర్మించి, 1983లో కీర్తిశేషుడయ్యెను.

గృహజీవితమున కార్టాన్ శాంతస్వభావుడు. 1903లో మరీ లూయీజ్ బియాంకోనీని వివాహమాడెను. పెద్దకుమారుడు ఆన్రీ తండ్రివలెనే మహాగణితజ్ఞుడై, 104 ఏండ్లు జీవించి 2008లో మరణించెను. కాని ఆ యింట దుఃఖమునకు కొదువలేదు. సంగీతకర్తయైన రెండవ కుమారుడు జాన్ 1932లో క్షయవ్యాధిచే 25 ఏండ్ల ప్రాయమున మరణించెను. మూడవవాడు లూయీ భౌతికశాస్త్రజ్ఞుడు. జర్మనుల దురాక్రమణ కాలమున ప్రతిఘటనోద్యమమున పాల్గొని 1942లో నిర్బంధింపబడెను. 1943లో జర్మనీకి కొనిపోయి, ఆ యేడు డిసెంబరులో శిరచ్ఛేదము గావించిరి. ఆ వార్త 1945 మే నెల వఱకు ఇంటికి చేరలేదు. ఏడాదిన్నర కాలము ఆ వృద్ధ దంపతులు లేని కుమారునికై ఎదురుచూచిరి. 76 ఏండ్ల వయస్సున ఆ వార్తను వినిన తండ్రి మనఃస్థితిని వర్ణింప నాకు సాధ్యము కాదు. ఆయన మాత్రము పని విడువలేదు. 1940లో విశ్వవిద్యాలయమునుండి విరమించినను, బాలికల ఉన్నత విద్యాలయమున గణితము బోధించెను. తన చెల్లెలు ఆన్నా పూర్వము అన్న ప్రోత్సాహముతో చదివి గణితోపాధ్యాయిని యయినది ఆ విద్యాలయముననే. 1951 మే 6వ తేదీన పారిస్ లో ఆయన కన్నుమూసెను.

కార్టాన్ పని మనలో చాలమందికి దూరమే. కాని ఆయన బాల్యము దూరము కాదు. ఒకే యింట పుట్టిన అన్నదమ్ములలో ఒకడు లోకప్రసిద్ధుడయ్యెను. రెండవవాడు జీవితాంతము ఇనుము కొట్టెను. ఇనుము కొట్టుట తక్కువ పని కాదు. కాని ఎన్నుకొను అవకాశము ఒకనికే లభించినది. అది కూడ ఒక అధికారి ఒక దినమున పుస్తకముల లెక్కను, హాజరు పట్టీని చూచుటతో తృప్తిపడక, బల్లపై కూర్చున్న పిల్లల ముఖములను చూచుట చేత లభించినది. బయటికి ఒకే తీరుగ కనబడు వారిలో తేడాను గుర్తించుట కార్టాన్ సమూహములలో చేసెను. అంతకు ముందు ఆయన విషయమున ద్యుబోస్ట్ ఒక గ్రామపు బడిలో చేసెను. ఆ యధికారి రానట్టి బడులు ఎన్ని యుండెనో చరిత్ర చెప్పదు. మన చేతికి వచ్చు దరఖాస్తులలో, మనము చేయు పర్యటనలలో, అట్టి బాలుడో బాలికయో ఉండవచ్చును. చేవ్రాలు పెట్టుటకు ముందు ఒక్క నిమిషము ఆగి తలయెత్తి చూచినచో, ఈ కమ్మరి బిడ్డకు మనము చేయదగిన స్మరణ అదియే.